అమెరికా తిరుగుబాటు తేయాకుతో మొదలు కాలేదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు నిండిన సందర్భంగా మీ పత్రిక ఆదివారం అనుబంధంలో వేసిన ప్రత్యేక కథనాన్ని శ్రద్ధగా చదివాను. బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలు నీళ్లపాలైన రాత్రి మొదలుకొని ఫిలడెల్ఫియాలో 1776 జులై 4న ప్రకటన వెలువడిన దాకా కథ చక్కగానే నడిచింది. అయితే 1763 నుంచి 1773 వరకు గడిచిన దశాబ్దం మొత్తాన్ని ఆ కథనం "పన్నులు పెరిగాయి, జనం తిరగబడ్డారు" అన్న ఒక్క వాక్యంతో దాటేసింది. డిగ్రీ విద్యార్థులకు చాలాకాలం ప్రపంచ చరిత్ర చెప్పినవాడిగా ఆ వాక్యం మీద నా అభ్యంతరాన్ని వివరంగా మీ ముందుంచాలనుకుంటున్నాను. లేఖ మామూలుకంటే పెద్దదే అవుతుంది. విషయం అలాంటిది కనుక కుదించకుండా ప్రచురించవలసిందిగా మనవి.

1763 నాటికి ఉత్తర అమెరికా తూర్పు తీరంలోని 13 వలసల్లో బ్రిటన్‌తో తెగతెంపులు చేసుకోవాలని కోరుకునేవారు దాదాపు లేరు. ఫ్రాన్సుతో సాగిన సప్తవర్ష సంగ్రామం ఆ ఏడాది పారిస్ సంధితో ముగిసి, కెనడా ఇంగ్లీషువారి వశమైంది. వలసల ప్రజలు ఆ గెలుపును తమ గెలుపుగానే భావించారు. ఈ యుద్ధం తెలుగువారికి కూడా పరాయిది కాదు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డు సేన విజయనగరం ఆనంద గజపతి రాజు బలగాల తోడుతో ఫ్రెంచివారిని ఓడించడం, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను పట్టుకోవడం ఈ యుద్ధంలోని ఘట్టాలే. గెలుపు సరే, దానికైన ఖర్చు బ్రిటన్ నెత్తిన పడింది. ప్రభుత్వ రుణం యుద్ధానికి ముందున్న దానికి ఇంచుమించు రెట్టింపై సుమారు 13 కోట్ల పౌండ్లకు చేరింది. దానికి తోడు అమెరికాలో సుమారు 10,000 మంది సైనికులను కాపలా ఉంచాలని లండన్ నిశ్చయించింది. ఆ సైన్యం ఖర్చులో కొంతైనా వలసలు భరించాలన్నది ప్రధానమంత్రి జార్జి గ్రెన్విల్ వాదన. నిజానికి అప్పట్లో ఇంగ్లండులోని సామాన్యుడు అమెరికా వలసల్లోని సామాన్యుడి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పన్ను కట్టేవాడు. ఈ సంగతిని దాచి ఆ కాలపు చరిత్ర చెప్పడం సరికాదు. వలసల వారి బాధ పన్ను బరువొక్కటే అయివుంటే, ఏ రాయితీతోనో అది చల్లారిపోయేది.

అది చల్లారకపోవడానికి కారణం 1764 నాటి చక్కెర చట్టంలోనే కనిపిస్తుంది. విదేశీ దీవుల నుంచి వచ్చే మొలాసిస్ (చెరకు మడ్డి) మీద 1733 నుంచి గ్యాలనుకు ఆరు పెన్నీల సుంకం ఉండేది. న్యూ ఇంగ్లండు అని పిలిచే ఈశాన్య వలసల వర్తకులు దాన్ని కట్టకుండా, సుంకపు ఉద్యోగుల చేతులు తడిపి సరుకు దింపుకునేవారు. గ్రెన్విల్ ఆ సుంకాన్ని మూడు పెన్నీలకు, అంటే సరిగ్గా సగానికి తగ్గించాడు. తగ్గించిన సుంకాన్ని గట్టిగా వసూలు చేయించాడు. పట్టుబడిన ఓడ కేసును జ్యూరీ లేని నౌకా న్యాయస్థానానికి పంపించాడు. అక్కడ సరుకు సక్రమమైనదేనని రుజువు చేసుకోవలసిన భారం యజమానిదే. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ సుంకం వర్తకాన్ని క్రమబద్ధం చేయడానికి మాత్రమే కాక ఆదాయం రాబట్టడానికి కూడా ఉద్దేశించినదని చట్టం పీఠికలోనే రాశారు. దాంతో బోస్టన్ ఊరి సభ తన ప్రతినిధులకు ఇచ్చిన సూచనల్లో శామ్యూల్ ఆడమ్స్ అడగవలసిన ప్రశ్నే అడిగాడు: మా వర్తకం మీద పన్ను వేయగలిగినవారు రేపు మా భూముల మీద, వాటి పంట మీద ఎందుకు వేయరు? పన్ను సగమైన ఏడాదిలోనే ఆందోళన మొదలైందన్న ఈ వాస్తవం మీ కథనంలోని వాక్యానికి నేరుగా విరుద్ధం.

మరుసటి ఏడాది వచ్చిన స్టాంపు చట్టం పత్రికా సంపాదకులైన మీకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించాలి. 1765 మార్చి 22న ఆమోదం పొంది నవంబరు 1 నుంచి అమలు కావలసిన ఈ చట్టం ప్రకారం దస్తావేజులు, కోర్టు కాగితాలు, పంచాంగాలు, పేకముక్కలు, కళాశాల పట్టాలు అన్నీ లండన్ నుంచి వచ్చిన స్టాంపు కాగితం మీదనో, స్టాంపు వేయించుకునో ఉండాలి. పత్రికకు అర ఠావైతే అర పెన్నీ, పూర్తి ఠావైతే పెన్నీ చెల్లించాలి. అందులో వేసే ఒక్కొక్క ప్రకటనకు రెండు షిల్లింగులు అదనం. చిన్న ముద్రాపకుడి బతుకంతా ప్రకటనల మీదే ఆధారపడిన కాలమది. అక్టోబరు 31న ఫిలడెల్ఫియాలో విలియం బ్రాడ్‌ఫర్డ్ తన పత్రిక మొదటి పుటను నల్లని చట్రంతో సమాధి రాయి ఆకారంలో అచ్చువేసి, స్టాంపు ఉండవలసిన చోట పుర్రె బొమ్మ పెట్టాడు. లాయర్ల మీద, ముద్రాపకుల మీద, వర్తకుల మీద, అంటే రాయగలిగిన, మాట్లాడగలిగిన వారందరి మీద ఒకేసారి పడ్డ పన్ను అది. దాని ఫలితాన్ని గ్రెన్విల్ ఊహించినట్టు లేదు.

1765 ఆగస్టు 12న మొగలు పాదుషా షా ఆలం నుంచి రాబర్ట్ క్లైవ్ ఈస్టిండియా కంపెనీకి బెంగాల్ దివానీ హక్కు సంపాదించాడు. మన ఉత్తర సర్కారులను కంపెనీకి ధారాదత్తం చేసిన సనదు కూడా ఆనాటిదే. అంటే కోస్తా తెలుగు జిల్లాల రైతు పండించిన పంట మీద శిస్తు హక్కు ఎవరికి చెందాలో అక్కడి రైతుకు తెలియకుండానే కాగితం మీద తేలిపోయింది. సరిగ్గా రెండు రోజుల తరువాత, ఆగస్టు 14న, బోస్టన్‌లో ఒక పెద్ద ఎల్మ్ చెట్టుకు స్టాంపుల పంపిణీదారు ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మ వేలాడింది. సాయంత్రానికి జనం ఆ బొమ్మను ఊరేగించి, స్టాంపుల కార్యాలయం అనుకున్న కట్టడాన్ని పడగొట్టారు. ఆలివర్ మర్నాడే ఆ ఉద్యోగం వదులుకుంటానని మాట ఇచ్చాడు. ఈ రెండు సంఘటనలకు ఒకదానితో ఒకటి సంబంధం లేకపోవచ్చు. కానీ ఒకే సామ్రాజ్యం ఒకే వారంలో రెండు చోట్ల పరాయి సంపద మీద హక్కు చూపించుకున్నదని, ఒక చోట మాత్రమే అక్కడి జనానికి శాసనసభలు, ఊరి సభలు, అచ్చుయంత్రాలు చేతిలో ఉన్నాయని మన విద్యార్థులకు చెప్పాలి. పై తేదీలు రెండూ మన పాఠ్యపుస్తకాల్లో ఒకే పుటలో కనిపించవు.

ఆగస్టు 26 రాత్రి బోస్టన్ గుంపు ఉప గవర్నరు థామస్ హచిన్సన్ ఇంటిని గోడలు మిగలడమే గొప్పగా నాశనం చేసింది. ఆ వలస చరిత్రను రాస్తున్న హచిన్సన్ చేతిరాత ప్రతి వీధి బురదలో పడింది. పొరుగున ఉన్న ఒక మతబోధకుడు కాగితాలు ఏరి దాచిపెట్టాడు కాబట్టి అది మిగిలింది. చరిత్ర చదువుకున్నవారెవరికైనా మనసు చివుక్కుమనిపించే దృశ్యమిది. ప్రతిఘటనను అభిమానించే రచయితలు దీన్ని దాటవేయడం నేను ఒప్పుకోను. ఆ మర్నాడు బోస్టన్ ఊరి సభ కూడా దీన్ని ఖండించింది. ఆ ఉద్యమం బతికి బట్టకట్టడానికి ఆ ఖండన కూడా ఒక కారణమని నా అభిప్రాయం. అక్టోబరులో తొమ్మిది వలసల నుంచి 27 మంది ప్రతినిధులు న్యూయార్క్‌లో కూడి, మా శాసనసభలు తప్ప మరెవరూ మా మీద పన్ను వేయరాదని తీర్మానించారు. వర్తకులు ఇంగ్లండు సరుకు తెప్పించుకోబోమని ఒప్పందాలు చేసుకున్నారు. నవంబరు 1 వచ్చేసరికి స్టాంపులు అమ్మేవాడు దాదాపు ఎక్కడా మిగల్లేదు. సరుకు అమ్ముడుపోని ఇంగ్లండు వర్తకులే పార్లమెంటుకు మొరపెట్టుకోగా 1766 మార్చి 18న చట్టం రద్దయింది. ఆ రోజే పార్లమెంటు మరో చట్టం చేసి, వలసలను అన్ని విషయాల్లోనూ శాసించే అధికారం తనకుందని చాటుకుంది. గంటలు మోగించి, దీపాలు వెలిగించి సంబరం చేసుకున్న వలసల జనం ఆ రెండో చట్టాన్ని అప్పటికి పెద్దగా పట్టించుకోలేదు.

1767లో ఆర్థిక మంత్రి చార్లెస్ టౌన్షెండ్ గాజు, సీసం, రంగులు, కాగితం, తేయాకు మీద సుంకాలు వేశాడు. సుంకం ఎంతన్నది ఇక్కడ చిన్న విషయం. వచ్చిన డబ్బును దేనికి వాడతారన్నదే అసలు సంగతి. అంతవరకు గవర్నర్లకు జీతం ఇచ్చేది వలసల శాసనసభలు. రాజు నియమించిన గవర్నరు దారి తప్పితే సభ జీతం ఆపేది. టౌన్షెండ్ సుంకాల సొమ్ముతో గవర్నర్లకు, న్యాయమూర్తులకు నేరుగా జీతాలిచ్చే వీలు కల్పించడంతో సభ చేతిలోని ఆ పగ్గం జారిపోయే పరిస్థితి వచ్చింది. ఈ లోతును సామాన్య పాఠకుడికి విప్పి చెప్పినవాడు జాన్ డికిన్సన్. అతడు ఫిలడెల్ఫియాలో పేరున్న న్యాయవాది. కానీ 1767 డిసెంబరు నుంచి పెన్సిల్వేనియా రైతుగా చెప్పుకుంటూ పత్రికకు పన్నెండు లేఖలు రాశాడు. వలసల్లో ఆనాడు నడుస్తున్న పత్రికల్లో నాలుగు తప్ప తక్కినవన్నీ వాటిని తిరిగి అచ్చువేశాయి. అతడి వాదనలో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే అంశం ఒకటుంది: సుంకం చిన్నదే కదా అనుకోవడమే ప్రమాదం, చిన్నదాన్ని ఒప్పుకున్నాక పెద్దదాన్ని కాదనడానికి మీ దగ్గర ఆధారం ఏముంటుందని అతడు అడిగాడు. రాజద్రోహం మాట అతడి లేఖల్లో ఎక్కడా లేదు. విజ్ఞాపన పంపాలి, సరుకు కొనడం మానాలి, ఆవేశపడకూడదని అతడు పదేపదే చెప్పాడు. ఒక సంపాదకుడికి లేఖ రాస్తూ ఈ మాట గుర్తు చేయకుండా ఉండలేకపోతున్నాను.

సరుకు కొనడం మానడమంటే ఊరికే మాట కాదు. 1768, 69 సంవత్సరాల్లో ఒక్కొక్క రేవు పట్టణం దిగుమతుల బహిష్కరణకు కట్టుబడింది. ఇంగ్లండు నేత బట్ట వదులుకోవాలంటే ఇంట్లో నూలు వడకాలి. న్యూ ఇంగ్లండు ఊళ్లలో స్త్రీలు రాట్నాలు పట్టుకుని మతబోధకుడి ఇంటి ముందు చేరి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వడికి, ఎన్ని చిలపల నూలు తీశారో పత్రికలకు తెలియజేసేవారు. హార్వర్డ్ కళాశాలలో 1768లో పట్టా పుచ్చుకున్న విద్యార్థులు ఇంటినేత దుస్తులు వేసుకుని వచ్చారు. వందేమాతరం రోజుల్లో రాజమహేంద్రవరం, కాకినాడ, మచిలీపట్నాల్లో విదేశీ వస్త్రాలు వద్దన్నవారి వారసులకు, పొందూరు ఖద్దరు కట్టినవారికి ఇందులోని కష్టం వేరే చెప్పనక్కర్లేదు. ఓటు హక్కు లేని, సభలో మాట్లాడే హక్కు లేని స్త్రీలు రాజకీయంలోకి ఇలా వచ్చారన్నది నా దృష్టిలో ఆ దశాబ్దపు అతి ముఖ్యమైన మార్పుల్లో ఒకటి.

1770 మార్చి 5న బోస్టన్‌లో సైనికుల కాల్పుల్లో ఐదుగురు చనిపోయిన సంగతి అందరికీ తెలిసిందే కనుక విస్తరించను. ఆ సైనికుల తరఫున వాదించడానికి వలసల పక్షానికే చెందిన జాన్ ఆడమ్స్ ఒప్పుకున్నాడనీ, జ్యూరీలు కెప్టెన్‌ను, ఆరుగురు సైనికులను నిర్దోషులుగా వదిలిపెట్టాయనీ మాత్రం మీ కథనంలో ఉండవలసింది. అదే మార్చి 5న లండన్‌లో ప్రధానమంత్రి లార్డ్ నార్త్ తేయాకు సుంకం తప్ప తక్కిన టౌన్షెండ్ సుంకాలను ఎత్తివేయాలని ప్రతిపాదించాడు. తేయాకు సుంకాన్ని ఉంచింది ఆదాయం కోసం కాదు, హక్కు ఉందని చూపించుకోవడం కోసం. ఆ తరువాత రెండేళ్లు బహిష్కరణలు సడలాయి, వ్యాపారం మళ్లీ పుంజుకుంది. ఇక అంతా సద్దుమణిగిందని ఇరువైపులా చాలామంది అనుకున్నారు.

ఆ స్తబ్ధతలోనే అసలు పని జరిగిందని నేను నమ్ముతాను. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ వలస గవర్నరుతో పాటు అక్కడి ఉన్నత న్యాయమూర్తులకు కూడా ఇకమీదట సుంకాల సొమ్ములోంచే జీతాలు అందుతాయన్న వార్త 1772లో వచ్చింది. అయిదేళ్ల కిందట డికిన్సన్ హెచ్చరించిన సంగతే కళ్లముందు నిలబడింది. నవంబరు 2న బోస్టన్ ఊరి సభ శామ్యూల్ ఆడమ్స్ ప్రతిపాదన మీద 21 మందితో ఉత్తర ప్రత్యుత్తరాల సంఘాన్ని ఏర్పాటు చేసింది. ఆ సంఘం వలసల హక్కులేమిటో, వాటికి ఎక్కడెక్కడ భంగం కలిగిందో ఒక చిన్న పుస్తకంగా అచ్చువేయించి మసాచుసెట్స్‌లోని ఊరూరికీ పంపి, మీ అభిప్రాయం రాయండని అడిగింది. అప్పటికి గవర్నరైన హచిన్సన్ ఇదంతా నవ్వులపాలవుతుందనుకున్నాడు. నెలలు గడిచేసరికి నూరుకు పైగా ఊళ్ల నుంచి జవాబులు వచ్చాయి. ఈ జవాబుల వెనకున్న పనిని కాస్త ఊహించండి. చలికాలంలో రైతులు, కమ్మర్లు, చెప్పులు కుట్టేవారు ఊరి సభాస్థలిలో చేరతారు. ఒకరు ఆ పుస్తకాన్ని చివరిదాకా పైకి చదువుతారు. వాదన జరుగుతుంది, ముసాయిదాకు కొందరిని నియమిస్తారు, మళ్లీ సభ కూడి వాక్యం వాక్యం పరిశీలించి ఓటు వేస్తారు, ఊరి గుమస్తా దాన్ని ఊరి దస్త్రంలోకి ఎక్కించి నకలు బోస్టన్‌కు పంపుతాడు. లండన్ పార్లమెంటుకు తమ మీద ఉన్న అధికారం ఎంత అన్న ప్రశ్న మీద ఒక మారుమూల ఊరు తన సొంత అభిప్రాయాన్ని రాతలో పెట్టడం అంతకుముందు జరిగిన పని కాదు. 1773 మార్చిలో వర్జీనియా శాసనసభ వలసల మధ్యనే ఇలాంటి సంఘం వేసింది, తక్కిన వలసలు అనుసరించాయి. తేయాకు ఓడలు బయలుదేరేనాటికి వార్త చేరవేసే దారులు, మాట నమ్మదగిన మనుషులు అన్నిచోట్లా సిద్ధంగా ఉన్నారు.

ఇక తేయాకు. 1773 మే నెలలో వచ్చిన చట్టం వల్ల అమెరికాలో తేయాకు ధర పెరగలేదు, తగ్గింది. కంపెనీ గిడ్డంగుల్లో సుమారు ఒక కోటీ 70 లక్షల పౌండ్ల బరువైన తేయాకు అమ్ముడుపోక పేరుకుపోయింది. దివాలా అంచున ఉన్న కంపెనీకి ప్రభుత్వం 14 లక్షల పౌండ్ల అప్పు ఇచ్చి, ఇంగ్లండులో కట్టవలసిన సుంకం లేకుండా నేరుగా అమెరికాకు పంపుకోనిచ్చింది. పౌండుకు మూడు పెన్నీల టౌన్షెండ్ సుంకం మాత్రం అలాగే ఉంచింది. చవక తేయాకు రుచి చూపించి, తాము కాదన్న అధికారాన్ని తమ చేతే ఒప్పించే ఎత్తు ఇదని వలసల వారు గ్రహించారు. అమ్మకపు హక్కు కొద్దిమంది ఏజెంట్లకే దక్కింది. బోస్టన్‌లో వారిలో ఇద్దరు గవర్నరు హచిన్సన్ కొడుకులు. ఈ కంపెనీని దివాలాకు తెచ్చిన కారణాల్లో బెంగాల్ కరవు, హైదర్ అలీతో యుద్ధం ఉన్నాయి. దాన్ని గట్టెక్కించడానికి అదే ఏడాది అదే పార్లమెంటు చేసిన రెగ్యులేటింగ్ చట్టాన్ని మన పిల్లలు భారత చరిత్ర పాఠంలో వేరుగా, తేయాకు చట్టాన్ని ప్రపంచ చరిత్ర పాఠంలో వేరుగా చదివి, రెండూ ఒకే వ్యవహారంలోని రెండు కాగితాలని తెలియకుండానే పరీక్ష రాసి బయటికొస్తున్నారు.

అమెరికాలో కొందరికైనా ఆ సంబంధం అప్పుడే తెలుసు. 1773 నవంబరులో ఫిలడెల్ఫియాలో రస్టికస్ అన్న మారుపేరుతో ఒక లేఖ అచ్చయింది. రాసింది మళ్లీ డికిన్సనే. ఆసియాలో ఈ కంపెనీ నడవడి చూడండి, లాభం కోసం యుద్ధాలు రేపింది, బెంగాల్‌లో తిండి గింజలను తన చేతిలో పెట్టుకుని పేదవాడు కొనలేని ధర పెట్టింది, ఒక్క ఏడాదిలో 15 లక్షల మంది ఆకలితో చనిపోయారంటున్నారు, ఇప్పుడు ఆ కంపెనీయే మన వైపు చూస్తున్నదని ఆ లేఖ సారాంశం. కరవులో మరణించినవారి సంఖ్య ఆ అంకె కంటే ఎంతో ఎక్కువని తరువాతి చరిత్రకారుల అంచనా. మనవారి చావులు పదివేల మైళ్ల అవతల ఒక ప్రజను హెచ్చరించాయన్న ఈ వాస్తవాన్ని నేను చదివిన తెలుగు పాఠ్యగ్రంథాల్లో ఎక్కడా చూడలేదు. డిసెంబరు 16న బోస్టన్‌లో మూడు ఓడల నుంచి 342 పెట్టెలు, అంటే 92,000 పౌండ్లకు పైగా బరువైన తేయాకు నీళ్లలో పడింది. అది చైనా తేయాకు. మన అస్సాంలో అప్పటికి తోటలే లేవు. తేయాకు తప్ప మరే సరుకూ ముట్టుకోలేదనీ, పగిలిన తాళం ఒకదానికి బదులు కొత్త తాళం ఇచ్చారనీ చెబుతారు. ఎనిమిదేళ్ల కిందట హచిన్సన్ ఇంటిని కూల్చిన గుంపుకూ ఈ రాత్రి పనిచేసినవారికీ మధ్య ఉన్న తేడాను తెచ్చింది నడుమ గడిచిన ఆ ఏళ్ల సాధనే.

1774లో పార్లమెంటు బోస్టన్ రేవును మూసివేసింది. మసాచుసెట్స్ పాలక మండలిని రాజు నియామకంగా మార్చి, గవర్నరు అనుమతి లేకుండా ఊరి సభలు ఏడాదికి ఒకటికి మించి జరగరాదంది. ఆకలికి బోస్టన్ లొంగుతుందనుకుంటే, దక్షిణ కరోలినా నుంచి బియ్యం, వర్జీనియా నుంచి ధాన్యం, కనెక్టికట్ నుంచి గొర్రెల మందలు వచ్చాయి. బోస్టన్‌కు పశ్చిమాన ఉన్న వూస్టర్ అనే చిన్న ఊళ్లో సెప్టెంబరు 6న జరిగిన సంఘటన మీ కథనంలో లేకపోవడం నాకు అన్నిటికంటే పెద్ద లోటుగా తోచింది. కొత్త చట్టం కింద కోర్టు తెరుచుకోవలసిన ఆ రోజు 37 ఊళ్ల నుంచి 4,622 మంది స్వచ్ఛంద సైనికులు వచ్చి వీధికి ఇరువైపులా వరుసలు కట్టారు. న్యాయమూర్తులు, కోర్టు అధికారులు టోపీలు చేతపట్టుకుని ఆ వరుసల మధ్య నడుస్తూ, కొత్త చట్టం కింద కోర్టు నడపబోమన్న తమ రాతపూర్వక హామీని అందరికీ వినిపించేలా ముప్పై సార్ల దాకా పైకి చదవవలసి వచ్చింది. ఒక్క తుపాకీ పేలలేదు. ఆ రోజుతో అక్కడ బ్రిటిష్ పాలన ముగిసిపోయింది. లెక్సింగ్టన్‌లో యుద్ధపు మొదటి తూటా పేలడానికి అప్పటికింకా ఏడు నెలలకు పైగా ఉంది. యుద్ధం మొదలు కాకముందే విప్లవం జనం మనసుల్లో పూర్తయిందని వృద్ధాప్యంలో జాన్ ఆడమ్స్ రాసిన మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అదే నెలలో ఫిలడెల్ఫియాలో కూడిన వలసల ఉమ్మడి సభకు, అంటే తొలి ఖండ మహాసభకు, 12 వలసలు ప్రతినిధులను పంపాయి. అక్టోబరు 20న అది ఆమోదించిన ఒప్పందం ప్రతి కౌంటీలో, పట్టణంలో ఒక సంఘం ఎన్నుకోవాలని, బహిష్కరణను ఉల్లంఘించినవారి పేర్లు పత్రికలో ప్రకటించాలని చెప్పింది. ఇందులో చీకటి కోణం ఉంది. రాజుకు విధేయులుగా ఉండిపోయినవారిని వెలివేశారు, కొందరికి ఒంటి నిండా తారు పూసి ఈకలు అద్ది ఊరేగించారు. అంతకంటే పెద్ద చీకటి బానిసత్వం. 1773లో మసాచుసెట్స్‌లోని నల్లజాతి బానిసలు ఫెలిక్స్ హోల్‌బ్రూక్ మొదలైనవారి పేర్లతో శాసనసభకు విజ్ఞాపనలు పంపి, మీరు పార్లమెంటును అడుగుతున్న స్వేచ్ఛనే మేము మిమ్మల్ని అడుగుతున్నామన్నారు. సభ వారికి స్వేచ్ఛ ఇవ్వలేదు. పడమటి భూముల్లోకి వలసలను 1763లో రాజు నిషేధించడం మీద కోపగించినవారికి ఆ భూములు వేరే జాతులవన్న స్పృహ లేదు. ఈ లోపాలను చెప్పకుండా ఆ ఉద్యమాన్ని పొగడడం అన్యాయం. వీటిని చూపించి ఆ పన్నెండేళ్ల కృషిని తీసిపారేయడం కూడా నాకు సమ్మతం కాదు, ఎందుకంటే హోల్‌బ్రూక్ చేతికి ఆ విజ్ఞాపన భాషను అందించింది ఆ కృషే.

డికిన్సన్ 1776 జులైలో ప్రకటనకు ఓటు వేయలేదు, సంతకం పెట్టలేదు, సమయం రాలేదని అతడి నమ్మకం. అయినా వలసల సేనలో చేరాడు. మీ కథనం జెఫర్సన్‌కు, వాషింగ్టన్‌కు ఇచ్చిన చోటులో నాలుగో వంతు ఇతడికి ఇచ్చినా ఎంతో బాగుండేది. 1781లో యార్క్‌టౌన్‌లో ఓడిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ ఐదేళ్లకే గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1793లో అతడు బెంగాల్‌లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802 నుంచి మన సర్కారు జిల్లాలకూ వచ్చి జమీందారీలను స్థిరపరిచింది. అందుచేత ఈ చరిత్ర అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఎంత అవసరమో, పిఠాపురంలో, పెద్దాపురంలో చదువుకునే పిల్లలకూ అంతే అవసరం.

నా మనవి ఒక్కటే. 1773 నాటి రస్టికస్ లేఖను పూర్తిగా తెలుగులోకి తెచ్చి, అదే కాలపు ఉత్తర సర్కారుల స్థితిని వివరించే చిన్న వ్యాసంతో కలిపి రాబోయే ఒక ఆదివారం సంచికలో ప్రచురించండి. స్థలం కేటాయిస్తామంటే అనువాదం చేసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
విశ్రాంత చరిత్రోపన్యాసకుడు,
రాజమహేంద్రవరం.